షుగర్ తగ్గాక మనసు సంగతి చూద్దామా?

ప్రశ్న: మా ఆయనకు 48 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. మాకు చిన్న ఎలక్ట్రికల్ షాపుంది. ఏడాదిగా మనిషి మారిపోయారు. పొద్దున్నే రైతు బజారుకు తనే వెళ్లేవారు, ఇప్పుడు షాపు తీసేసరికే పదకొండవుతోంది. అర్ధరాత్రి లేచి మిక్చరు డబ్బా ముందేసుకుంటారు, మాత్రల షీటు మాత్రం వారమైనా సగం అలాగే ఉంటుంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 9.4 వస్తే డాక్టరు గారు డోసు పెంచారు. మా అత్తగారేమో బద్ధకం అంటారు. సైకియాట్రిస్టుకు చూపిద్దామంటే ‘నాకేమన్నా పిచ్చా, ముందు షుగర్ తగ్గనీ’ అంటున్నారు. పైగా ఆ మందులతో షుగర్ పెరుగుతుందని ఎవరో చెప్పారట. నిజమేనా?
– ఒక సోదరి, వరంగల్

జవాబు: అమ్మా, వేసుకోని మాత్రకు డోసు పెంచి ఏం లాభం? ఆ షీటు సంగతి డాక్టరు గారికి చెప్పారా? చెప్పి ఉండరు. ‘మందులు వాడుతున్నారా’ అంటే ‘ఆ, వాడుతున్నా సార్’ అనేసి బయటికొచ్చేవాళ్లే ఎక్కువ.

మీరు రాసినదాన్ని బట్టి డిప్రెషన్ అనుమానించాల్సిందే. షుగర్ ఉన్నవాళ్లలో ఇది లేనివాళ్లకంటే దాదాపు రెట్టింపు కనిపిస్తుంది, డిప్రెషన్ ఉన్నవాళ్లకు షుగర్ వచ్చే అవకాశమూ ఎక్కువే. ఎందుకంటే దిగులు నెలల తరబడి ఉంటే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరిగి ఇన్సులిన్ సరిగా పనిచేయదు, నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మీరు చెప్పిన ఆ మిక్చరు డబ్బాలాంటివే కావాలనిపిస్తాయి. పొట్ట దగ్గర పేరుకున్న కొవ్వు నుంచి వచ్చే ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో లోలోపలి వాపు) ప్రభావం మెదడు మీదా పడుతుంది. అందుకే ఆయన నడుము కొలత కూడా ఒకసారి చూడండి, మనవాళ్లలో మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ఇందులో బద్ధకం ఎక్కడుందో మీ అత్తగారే చెప్పాలి!

‘ముందు షుగర్ తగ్గనీ’ అన్న మాటతోనే నాకు పేచీ. ఢిల్లీ, చెన్నై, బెంగళూరు, మన విశాఖపట్నంలోని డయాబెటిస్ క్లినిక్కుల్లో షుగర్ అదుపులో లేక డిప్రెషన్ కూడా ఉన్న 404 మంది మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. కొందరికి మామూలు వైద్యం చేశారు, మిగతావాళ్లను ఒక కోఆర్డినేటరు వెంటపడి కనుక్కుంటూ ఉంటే వెనకనుంచి సైకియాట్రిస్టూ షుగర్ డాక్టరూ కలిసి మందులు సరిచేశారు. రెండేళ్లయ్యాక చూస్తే మనసూ, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ లాంటి ఒంటి లెక్కలూ కలిసి మెరుగుపడ్డవాళ్లు ఈ రెండో గుంపులోనే ఎక్కువ.

మీ ఆయన సైకియాట్రిస్టు అంటే ఒప్పుకోకపోతే అసలా పేరే ఎత్తకండి, ముందు ఆ షుగర్ డాక్టరుకే చెప్పండి. రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేదా, దిగులుగా ఉంటోందా అని ఆ డాక్టరు గారు అడిగితే కదులుతుంది విషయం. అవసరమైన మాత్ర ఆయనే మొదలుపెట్టొచ్చు, లేదా ఆయనే పంపిస్తే మీవారు కాదనలేరు. థైరాయిడ్, బీ12 కూడా చూడమనండి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు, అప్పుడూ నీరసం, చిరాకు ఉంటాయి. గట్టిగా గురకపెడుతుంటే అదీ చెప్పండి. ‘బతికి ఏం లాభం’ లాంటి మాట ఒక్కటి వినపడినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఒంటరిగా వదలకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక సైకియాట్రిస్టులు రాసే మందులతో షుగర్ పెరుగుతుందన్నది సగం నిజం. మిర్టాజపిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి ఆకలినీ బరువునూ పెంచుతాయి, ఒలాంజపిన్ అయితే షుగర్‌నే పెంచగలదు. సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివాటితో ఆ భయం తక్కువ, కాబట్టి రాసే డాక్టరుకు షుగర్ ఉందని ముందే చెప్పండి. ఏది రాసినా మొదటి రెండు మూడు వారాలు పెద్దగా తేడా తెలియదు, ‘పనిచేయట్లేదు’ అని మధ్యలో మానేయకుండా చూసుకోండి. ఆ కొత్తలో గ్లూకోమీటరుతో షుగర్ ఇంకొంచెం తరచుగా చూడండి.