కగోషిమాలో ఒక పూటకు ప్రైవేట్ గైడ్ అవసరమా?

మార్చి చివరలో అమ్మానాన్నలతో జపానులోని ఫుకువోకా వెళ్తున్నామని, అందులో ఒక రోజు కగోషిమాకు కేటాయించామని, నగరాన్నీ కింకో అఖాతాన్నీ సకురజిమా అగ్నిపర్వతాన్నీ నాలుగు గంటల్లో చూపిస్తామంటున్న ప్రైవేట్ గైడ్ టూరు తీసుకోవచ్చా, లేక అది దండగ ఖర్చా అని మీరు అడిగారు. 2023 అక్టోబరులో నేను, మావారు, మా అమ్మ, నాన్నగారు సరిగ్గా ఇలాంటి టూరే తీసుకున్నాము కనుక ఆ అనుభవంతో చెబుతున్నాను. తీసుకోండి, కానీ ఆ నాలుగు గంటల్లో కనీసం మూడు గంటలు సకురజిమా కొండ వైపే గడిపేలా ముందే మాట్లాడుకోండి. నగరాన్ని మీ అంతట మీరు చూసుకోగలరు, కొండ వెనక వైపుకు మాత్రం మనిషి తోడూ బండీ రెండూ కావాలి.

ముందుగా మా పొరపాటు చెబుతాను. ఫుకువోకాలోని హకతా స్టేషనులో షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు ఎక్కితే గంటన్నరలో కగోషిమా-చువో చేరుతాము. ఆ ఊళ్ళో ఒట్టి ‘కగోషిమా’ అనే పేరుతో వేరే స్టేషను ఇంకొకటి ఉంది, అక్కడికి వెళ్ళకూడదు. మేము సరైన స్టేషనులోనే దిగాము గానీ, టూరు సంస్థ పంపిన కాగితంలో ‘స్టేషను దగ్గర’ అని మాత్రమే ఉండడంతో పడమటి ద్వారం వైపు వెళ్ళి ఇరవై నిమిషాలు నిలబడ్డాము. గైడ్ మాకోసం తూర్పు ద్వారం బయట, 1865లో రహస్యంగా ఇంగ్లండుకు చదువుకోవడానికి వెళ్ళిన సత్సుమా (కగోషిమా ప్రాంతానికి పాత పేరు) యువకుల విగ్రహాల కింద ఎదురు చూస్తున్నారు. తూర్పు ద్వారానికే ‘సకురజిమా ద్వారం’ అని కూడా పేరు, పైన భవనం మీద పెద్ద జెయింట్ వీలు కనిపిస్తుంది. కలుసుకునే చోటు ఆ విగ్రహాలే అని మీరు రాసి పంపితే మా ఇరవై నిమిషాలు మీకు మిగులుతాయి.

రెండో పొరపాటు మాది కాదు, సంస్థది. నలుగురికి కారుతో సహా అని డబ్బు కట్టించుకున్నారు గానీ, గైడ్‌ను కలుపుకుంటే ఐదుగురం అవుతామని ఎవరూ లెక్క వేయలేదు. జపానులో మామూలు టాక్సీలో డ్రైవరు కాకుండా నలుగురికి మించి ఎక్కించుకోరు. మన ఊళ్ళోలాగా ‘కాస్త సర్దుకుందాం’ అంటే సకురజిమా రేవులో మాకోసం వచ్చిన టాక్సీ డ్రైవరు నవ్వి, చేతులు రెండూ అడ్డంగా పెట్టి కుదరదని చూపించారు. చివరికి మావారు తాను బస్సులో తిరుగుతానని తప్పుకున్నారు. మీరు ఎంతమంది వస్తున్నారో రాయలేదు. నలుగురైతే మాత్రం పెద్ద టాక్సీ అడగండి, దాన్ని వాళ్ళు ‘జంబో టాక్సీ’ అనే అంటారు.

మొదటి మజిలీగా గైడ్ మమ్మల్ని సిటీ వ్యూ అనే పర్యాటకుల బస్సులో షిరోయామాకు తీసుకువెళ్ళారు. అది 107 మీటర్ల చిన్న గుట్ట. పైనుంచి చూస్తే కింద నగరం, మధ్యలో అఖాతం, ఎదురుగా 1,117 మీటర్ల సకురజిమా ఒకే చూపులో అందుతాయి. 1877లో కొత్త ప్రభుత్వం మీద తిరగబడిన సమురాయ్ నాయకుడు సైగో తకమోరి చివరి రోజులు గడిపిన గుహ ఈ గుట్ట పక్కనే ఉంది, ఆ సెప్టెంబరు 24న ఆయన మరణించింది కూడా అక్కడికి దగ్గరలోనే. కథ బాగానే ఉంది, దృశ్యమూ బాగానే ఉంది. అయితే బస్సు కోసం ఆగడం, ఎక్కడం, దిగడం కలిపి గంటకు పైగా పట్టింది, అంటే మేము డబ్బు కట్టిన సమయంలో పావు భాగం పైగా అక్కడే అయిపోయింది. ఆ బస్సు అరగంటకొకటి తిరుగుతూనే ఉంటుంది కనుక, షిరోయామాను గైడ్ లేకుండా సాయంత్రం చూసుకొమ్మని నా సలహా.

అక్కడినుంచి రేవుకు వచ్చి ఫెర్రీ ఎక్కాము. పదిహేను నిమిషాల ప్రయాణం, రాత్రీ పగలూ నడుస్తుంది. కార్లు, లారీలు కింది అంతస్తులో, మనుషులు పైన. మా నాన్నగారు పుట్టింది నరసాపురంలో. కార్లు వరసగా లోపలికి వెళ్ళడం చూసి, ‘ఇది మన సఖినేటిపల్లి రేవులో పంటు లాంటిదే, కాకపోతే ఎవరూ అరవట్లేదు’ అన్నారు. మేము భారతదేశం నుంచి వచ్చామని తెలిసిన గైడ్, ఈ ఊరికి మొదట క్రైస్తవాన్ని తెచ్చిన ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో గోవా నుంచే బయలుదేరి వచ్చారని, ఆయనకు తోడుగా వచ్చిన కగోషిమా మనిషి అంజిరో గోవాలోనే బాప్తిస్మం తీసుకున్నాడని చెప్పారు. ఈ అఖాతపు ఉత్తర భాగమంతా సుమారు ముప్పై వేల ఏళ్ళ కిందట పేలిపోయి కుంగిన ఒక మహా అగ్నిపర్వతపు నోరు. సకురజిమా ఆ తరవాత దాని అంచున పుట్టింది. ఈ సంగతి ముందే తెలిస్తే అఖాతం ఎందుకంత గుండ్రంగా, లోతుగా ఉందో ఫెర్రీ మీదనే అర్థమవుతుంది.

టాక్సీ అవతలి రేవు దగ్గర మాకోసం ఆగి ఉంది. సకురజిమా చుట్టూ రోడ్డు దాదాపు 36 కిలోమీటర్లు, ఆగుతూ తిరిగితే రెండు గంటలు. దక్షిణం వైపు నుంచి మొదలుపెట్టాము. రోడ్డుకు ఇరువైపులా నల్లటి లావా రాళ్ళు, వాటి సందుల్లోంచి లేచిన పైన్ చెట్లు, అక్కడక్కడా రాళ్ళవాన పడితే తల దాచుకోవడానికి కట్టిన కాంక్రీటు గూళ్ళు కనిపిస్తాయి. ఒక శ్మశానంలో ప్రతి సమాధికీ ఇంటికున్నట్టు చిన్న కప్పు ఉంది. బూడిద పడి పూలు పాడైపోకుండా అట. మా అమ్మ ఆ కప్పుల కింద ఆ రోజే పెట్టిన పూలను చూసి కారు ఆపించింది, కానీ దిగలేదు.

ఇక్కడే గైడ్ ఉన్నందుకు నిజమైన ఫలితం దక్కింది. దక్షిణ తీరంలో ఒక ప్రాథమిక పాఠశాల ముందు కారు నెమ్మది చేయించి, దాని ఆవరణలో 1924లో నిలిపిన ఒక రాతి స్తంభం గురించి ఆవిడ చెప్పారు. 1914 జనవరిలో భూమి అదేపనిగా కంపించి, బావుల్లో నీళ్ళు మారిపోతే, ద్వీపం వాళ్ళు నగరంలోని వాతావరణ కేంద్రాన్ని అడిగారు. సకురజిమా పేలదని అక్కడినుంచి జవాబు వచ్చింది. ఆ మాటను లెక్కచేయకుండా పడవలెక్కినవారు బతికారు, నమ్మి ఆగినవారిలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. జనవరి 12న కొండ పేలింది. పదేళ్ళ తరవాత ఊరివాళ్ళు చెక్కించిన ఆ రాతి మీద, నివాసులు సిద్ధాంతాన్ని నమ్ముకోక, వింత మార్పు కనబడగానే ముందు తప్పుకోవాలి అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. దారిలో ఆ రాయి ఉన్నట్టు బయటివారికి తెలియదు, జపనీస్ చదవలేని మాలాంటివారికి అసలే తెలియదు.

ఆ తరవాత అరిమురా లావా దిబ్బ మీద కాసేపు నడిచి, ఆగ్నేయ మూలకు చేరాము. 1914కు ముందు సకురజిమా ద్వీపం. అవతలి ఓసుమి ద్వీపకల్పానికీ దానికీ మధ్య సుమారు 400 మీటర్ల జలసంధి ఉండేది. ఆ జనవరి నెల ముగిసేలోపు లావా దాన్ని పూడ్చివేసింది. పడవలు తిరిగిన చోట ఇప్పుడు మన టాక్సీ పోతుంది. ఇంకొంచెం ముందుకు వెళితే కురొకామి ఊరు, అక్కడ ఒక గుడి ముందరి తోరీ ద్వారం. మూడు మీటర్ల ఎత్తున్న ఆ రాతి ద్వారం బూడిదలో, తేలికరాళ్ళలో ఒక్క రోజులో పూడిపోయి, పైన మీటరు మాత్రమే మిగిలింది. తవ్వి తీయబోతుంటే, తరవాతి తరాలకు గుర్తుగా అలాగే ఉంచమని అప్పటి ఊరిపెద్ద ఆపించారట. మా నాన్నగారు ఆ అడ్డదూలం పక్కన నిలబడితే అది ఆయన నడుమును మించి లేదు. దాని కిందనుంచి వంగి వెళ్ళాలనుకున్నారు, గైడ్ మర్యాదగా వద్దన్నారు.

మేము తిరిగి రేవుకు వచ్చేసరికి మావారు లావా తీరం పార్కులోని పాదస్నానపు తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. వంద మీటర్ల పొడవు, గోధుమరంగు వేడినీళ్ళు, రుసుము లేదు. ఆయన ఐలాండ్ వ్యూ బస్సులో 373 మీటర్ల ఎత్తున్న యునొహిరా వ్యూపాయింటుకు వెళ్ళి వచ్చారు, జనాన్ని రానిచ్చేవాటిలో అదే అన్నిటికంటే ఎత్తైన చోటు. ట్రాములు, బస్సులు, ఫెర్రీ కలిపి ఒకే రోజు పాసు కొనుక్కుని, మా ఖర్చులో పదో వంతు కూడా పెట్టకుండా కొండను మాకంటే దగ్గరగా చూశానని ఇప్పటికీ అంటారు. ఆ మాట నిజమే. కాకపోతే ఆ బస్సు పడమటి వైపునే తిరిగి వస్తుంది, కురొకామి వైపు పోదు. డబ్బుకు వెనకాడవలసిన పరిస్థితి ఉంటే మావారి దారే మంచిది, అందులో నామోషీ ఏమీ లేదు.

గాలి సంగతి మరచిపోకండి. కొండ 1955 నుంచి ఎడతెగకుండా పొగ, బూడిద వదులుతూనే ఉంది. వేసవిలో గాలి ఎక్కువగా నగరం మీదికి, చలికాలంలో ఓసుమి వైపుకు వీస్తుంది, అక్కడి టీవీ వాతావరణ వార్తల్లో సకురజిమా మీద గాలి ఎటు ఉందో విడిగా చూపిస్తారు. మా గైడ్ వాళ్ళ అమ్మగారు బట్టలు ఆరవేయడానికి ముందు ఆకాశం కాక కొండను చూసేవారట. ఇళ్ళముందు పడిన బూడిదను నింపి పెట్టడానికి నగరపాలక సంస్థ పసుపు సంచులు ఇస్తుంది, వీధి మూలల్లో అవి వరసగా కనిపిస్తాయి. మేము వెళ్ళిన రోజు గాలి తూర్పుకు ఉండడంతో కురొకామి దగ్గర టాక్సీ అద్దం మీద వైపర్ వేస్తే గరగరమంది, నాన్నగారి తెల్ల చొక్కా మెడపట్టీ లోపల సాయంత్రానికి సన్న ఇసుక తగిలింది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు ఆ రోజుకు కళ్ళద్దాలు వాడడం మేలు. 2022 జూలైలో హెచ్చరిక స్థాయిని అన్నిటికంటే పైదైన ఐదుకు పెంచి కొందరిని ఖాళీ చేయించారు, కొద్ది రోజుల్లో మళ్ళీ మూడుకు దించారు. కనుక బయలుదేరే ఉదయం జపాను వాతావరణ సంస్థ సైటు చూసుకోండి. క్రేటర్ల చుట్టూ దాదాపు రెండు కిలోమీటర్ల లోపలికి ఎప్పుడూ ఎవరినీ పోనివ్వరు, పైకి ఎక్కిస్తానని ఏ గైడైనా అంటే అక్కడే ఆపేయండి.

గైడ్‌ను ఎంచుకోవడం గురించి కూడా అడిగారు. 2018 జనవరిలో చట్టం మారిన తరవాత లైసెన్సు లేనివారు కూడా డబ్బు తీసుకుని గైడ్ పని చేయవచ్చు. లైసెన్సు ఉన్నవారు జాతీయ స్థాయి పరీక్ష రాసినవారు, మాకు వచ్చినావిడ అలాంటివారే, ఆ తేడా మాటల్లో తెలిసింది. అయితే గైడ్ లైసెన్సు వేరు, బండి లైసెన్సు వేరు. బాడుగకు తిరిగే బండికి ఆకుపచ్చ నంబరు ప్లేటు మీద తెల్ల అక్షరాలు ఉంటాయి. అనుమతి లేకుండా తెల్ల ప్లేటున్న సొంత కారులో తిప్పి డబ్బు తీసుకోవడం అక్కడ చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా విషయంలో ఇబ్బంది పడేది మీరే. రుసుము సాధారణంగా తలకింత అని కాక గుంపుకింత అని ఉంటుంది, ఫెర్రీ, టాక్సీ, గైడ్ టికెట్లు అందులో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి.

మధ్యాహ్నం గైడ్ వెళ్ళిపోయాక సెంగన్-ఎన్‌కు మేమే వెళ్ళాము. 1658లో ఈ ప్రాంతాన్ని ఏలిన షిమజు ప్రభువు కట్టించిన విడిది అది. తోటలో కొలను బదులు కింకో అఖాతాన్ని, కృత్రిమ గుట్ట బదులు సకురజిమాను లెక్కవేసుకుని కట్టారు. అక్కడ ఇంగ్లీషు బోర్డులు ధారాళంగా ఉన్నాయి. తోట ఆవరణలోనే ఇనుము కరిగించే పాత కొలిమి పునాదులు 2015లో యునెస్కో జాబితాకు ఎక్కాయి. మేము బస్సులో వెళ్ళాము గానీ, 2025 మార్చి నుంచి తోట ముందే రైల్వే స్టేషను కూడా ఉంది.

మీ అమ్మగారు చేప కూడా తినరని రాశారు కనుక ఒక్క మాట. ఫెర్రీ మీద అమ్మే ఊడాన్ నూడుల్స్ చూడడానికి శాకాహారంలా ఉంటుంది, దాని చారు మాత్రం చేపతో కాచినది. మా అమ్మ సగం తిన్నాక ఆ సంగతి తెలిసింది, ఆ పూట ఇంకేమీ ముట్టలేదు. ఊరి ప్రత్యేకతైన కరుకన్ కొనండి. కంద జాతి దుంప, బియ్యప్పిండి, పంచదార కలిపి ఆవిరి మీద ఉడికించే తెల్లటి మెత్తటి మిఠాయి. మా అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, పంచదార కాస్త తగ్గిస్తే ఇడ్లీయే కదా అంది, మూడు డబ్బాలు కొనిపించింది.