షెడ్డులో పడున్న ఫోర్డ్ 8ఎన్‌కి పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాలా? అస్సలొద్దు

మీరడిగింది ఇదీ: టెక్సాస్‌లో కొన్న స్థలంతో పాటు షెడ్డులో పాత ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్ కూడా వచ్చింది, సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు, అడిగిన ప్రతివాళ్లూ 12 వోల్టులకి మార్చి పాయింట్లు (కాయిల్‌కి కరెంటు కలిపి తెంచే చిన్న స్విచ్చు) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టమంటున్నారు, పెట్టించనా అని. వద్దండి. జబ్బేంటో తెలియకుండా ఒక్క పార్టు కూడా కొనకండి. నా దగ్గరా అదే బండి ఉంది, డల్లాస్‌కి ఉత్తరాన మా స్థలంలో, ముందువైపు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బా, పాయింట్లుండేది ఇందులోనే) ఉన్న రకం, ఇప్పటికీ 6 వోల్టులతోనే పాయింట్లతోనే నడుస్తోంది.

మనూళ్లో ట్రాక్టర్లన్నీ డీజిల్ కదా, స్టార్ట్ అవ్వలేదంటే మన బుర్ర ముందు ఎయిర్ పట్టిందేమో, నాజిల్ పోయిందేమో అనే వెళ్తుంది. 8ఎన్ పెట్రోల్ బండి. 1947 నుంచి 1952 దాకా చేశారు, 5 లక్షల పైచిలుకు, నాలుగు సిలిండర్లు, పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైరు బండి బాడీకి. వోల్టేజీ పెంచే కాయిల్, పాయింట్లు కాలకుండా కాసే కండెన్సర్, పాయింట్లు, ప్లగ్గు, అంతే. పాత చేతక్ స్కూటర్‌తోనో బుల్లెట్‌తోనో కుస్తీ పట్టినవాళ్లకి ఇందులో కొత్తగా తెలుసుకోవాల్సింది చాలా తక్కువ.

మా బండి దగ్గర అది నాకు బాగా అర్థమైంది. అప్పుడు మా నాన్న మా దగ్గరికి వచ్చి ఉన్నాడు. తెనాలి దగ్గర మా ఊళ్లో చేతక్‌ని మెకానిక్ చేతికి ఇవ్వకుండా ఏళ్ల తరబడి నడిపిన మనిషి, ఇక్కడ ఇంట్లో పొద్దుపోక షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను ప్లగ్గు తీసి వైరుకి తగిలించి ఇంజన్ బాడీకి ఆనించి సెల్ఫ్ కొట్టా, ఒక్క రవ్వ లేదు. "కరెంటు ఎక్కడిదాకా వస్తోందో చూసుకుంటూ పోరా, ఆగినచోటే ఉంటది రోగం" అన్నాడు. బ్యాటరీ నుంచి తాళం దాకా ఉంది, తాళం నుంచి డాష్ వెనకున్న రెసిస్టర్ (కరెంటుని తగ్గించేది) దాకా ఉంది, కాయిల్ నెత్తి మీదికీ వచ్చింది. ఇక మిగిలింది డిస్ట్రిబ్యూటరే.

అది ఇంజన్‌కి ముందు, ఫ్యాన్ వెనక ఇరుకులో ఉంటది, అక్కడ చెయ్యి పెట్టి గ్యాప్ సెట్ చేయడం ఎవరి తరమూ కాదు. రెండు బోల్టులు తీస్తే మొత్తం ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. షాఫ్ట్ చివరున్న నాలుక సరిగ్గా మధ్యలో కాకుండా ఓ పక్కకి జరిగి ఉంటది కాబట్టి మళ్లీ పెట్టేటప్పుడు ఒకే రకంగా కూర్చుంటుంది, టైమింగ్ పోద్దేమో అని భయపడక్కర్లేదు. ఆ కాలం ఇంజనీర్లకి దండం పెట్టాలి, రైతు ఒక్కడే కూర్చుని విప్పుకోవాలని ఆలోచించి చేశారు. ఇప్పటి బండ్లకి చిన్న లైటు వెలిగితే డీలర్ కంప్యూటర్ తగిలిస్తే గానీ కారణం కూడా చెప్పరు, లక్షలు పోసి కొన్నవాడికి తన బండిలో ఏం పాడైందో తెలుసుకునే హక్కు కూడా లేకపోతే ఎలా?

సరే, టేబుల్ మీద పెట్టి చూస్తే పాయింట్ల మీద బూడిద రంగు పొర. ఏళ్ల తరబడి కదలని బండికి ఇది రాక మానదు, ఆ పొర కరెంటుని పోనివ్వదు, నా లెక్కలో షెడ్లలో చచ్చిపోయాయి అనుకుంటున్న బండ్లలో చాలావాటికి జబ్బు ఇదే. నాన్న సన్న ఆకురాయితో మెల్లగా లాగి, ఇంట్లో పడున్న ఒక శుభలేఖ అంచు కత్తిరించి, స్పిరిట్‌లో తడిపి పాయింట్ల మధ్య పెట్టి లాగాడు, నల్లగా వచ్చింది, తెల్లగా వచ్చేదాకా లాగుతూనే ఉన్నాడు. ఎమరీ పేపర్ మాత్రం వాడొద్దు, ఆ రేణువులు పాయింట్లలో గుచ్చుకుని మళ్లీ కాలిపోతాయి. తర్వాత షాఫ్ట్ మీద పాయింట్లని తెరిచే క్యామ్ ఎత్తు మీద ఉన్నప్పుడు, సందు కొలిచే ఫిల్లర్ గేజితో గ్యాప్ 0.015 అంగుళాలు.

దాన్ని బిగించే ముందే పరీక్ష పెట్టాడు. బ్యాటరీ, చిన్న బల్బు, రెండు వైర్లు. ఒకటి డిస్ట్రిబ్యూటర్ బాడీకి, ఇంకోటి కాయిల్ వచ్చి ఆనే చోటికి. షాఫ్ట్ తిప్పితే పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా బల్బు ఆరాలి, మూసుకుంటే వెలగాలి. మాది ఎంత తిప్పినా వెలుగుతూనే ఉంది. నాన్న అదే శుభలేఖ ముక్క పాయింట్ల మధ్య దూర్చాడు, అయినా వెలుగుతోంది. అంటే కరెంటు పాయింట్ల దాకా పోకుండానే ఎక్కడో బాడీలోకి దిగిపోతోంది. కళ్లద్దాలు పైకి తోసుకుని టార్చి వేసి వెతికితే దొరికింది: పాయింట్లకి కరెంటు తెచ్చే సన్న రాగి రేకు. ఎవరో ఎప్పుడో పాయింట్లు మార్చి దాన్ని వంకరగా వదిలేశారు, వెంట్రుకవాసి లోపలి గోడకి ఆని ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో అలా వెనక్కి నొక్కాడు, బల్బు ఆరింది, ముక్క లాగేసి తిప్పితే వెలిగింది, మళ్లీ ఆరింది. బిగించి సెల్ఫ్ కొడితే ప్లగ్గు దగ్గర నీలం రవ్వ, టపటపామని చప్పుడు. కొత్త పెట్రోల్ పోశాక మొదట కార్బరేటర్‌లోంచి తుమ్మింది, తర్వాత అందుకుంది. పైసా ఖర్చు కాలేదు ఇగ్నిషన్‌కి. ఎలక్ట్రానిక్ కిట్టు కొనుంటే పాయింట్లతో పాటు ఆ రేకు కూడా పోయేది, కిట్టు అద్భుతం చేసిందని నేనూ పదిమందికి చెప్పేవాణ్ణి. ఇలాగే పుడతాయి ఆ సలహాలన్నీ.

6 వోల్టులు సరిపోవు అన్న మాట కూడా నమ్మొద్దు. అదే పవర్‌కి 6 వోల్టుల్లో కరెంటు రెట్టింపు లాగుద్ది, కాబట్టి బ్యాటరీ కేబుళ్లు లావుగా ఉండాలి. కార్ల షాపులో దొరికే సన్న కేబుళ్లు వేసి, ఎర్త్ దగ్గర పెయింటూ తుప్పూ గీకకుండా బిగించి, సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని ఏడుస్తారు. పైగా ముందు డిస్ట్రిబ్యూటర్ కాయిల్‌కి అదనంగా రెసిస్టర్ వేయకుండా 12 ఇస్తే కాలిపోద్ది. ఇంకోటి, తాళం ఆన్‌లో పెట్టి కాయిల్ దగ్గర మీటరు పెడితే పాయింట్లు తెరిచి ఉంటే పూర్తి వోల్టేజీ, మూసి ఉంటే ఇంచుమించు సగమే కనపడుద్ది, అది రెసిస్టర్ చేసే పని, బ్యాటరీ పోయిందనుకోవద్దు. చూడగానే తాళం తీసెయ్యండి, మూసి ఉన్న పాయింట్లతో అలాగే వదిలేస్తే కాయిల్ ఉడికిపోద్ది.

దీన్ని తుక్కుకి అమ్మేయమనేవాళ్లని చూస్తే బాధేస్తుంది నాకు. వెనక పనిముట్లని తగిలించి ఎత్తే మూడు లింకుల హైడ్రాలిక్ పద్ధతి హ్యారీ ఫెర్గూసన్ అనే ఇంజనీర్‌ది, 1938లో హెన్రీ ఫోర్డ్‌తో చెయ్యి కలిపి ఒప్పుకున్న ఒప్పందం మీద వచ్చింది. తర్వాత చెడి, ఫెర్గూసన్ లేకుండా ఫోర్డ్ వాళ్లు తెచ్చిందే ఈ 8ఎన్, కేసు నడిచి 1952లో 92.5 లక్షల డాలర్లు కట్టి సర్దుకున్నారు. మన పొలాల్లో తిరిగే మాసే ఫెర్గూసన్‌లో పేరు ఆ ఫెర్గూసన్‌దే.

స్టార్ట్ చేసే ముందు ట్యాంకులో పాత పెట్రోల్ మొత్తం దించి కింద చెత్త పట్టే గాజు గిన్నె కడగండి, ఇంజన్ ఆయిల్ మార్చండి, ఎయిర్ క్లీనర్‌లో, సైలెన్సర్‌లో ఎలుకలు గూళ్లు పెట్టాయేమో చూడండి. గడ్డి కోసే రోటరీ కట్టర్ తగిలిస్తే ఇంజన్ బలాన్ని కట్టర్‌కి అందించే వెనక పీటీఓ షాఫ్ట్‌కి ఒకవైపే తిప్పే కప్లర్ తప్పనిసరి, లేకపోతే మీరు క్లచ్ తొక్కినా తిరుగుతున్న బ్లేడు బరువే బండిని ముందుకి తోసుకుపోద్ది, ఈ ఒక్క పార్టు మాత్రం ఆలోచించకుండా కొనండి.

మీ బండికి డిస్ట్రిబ్యూటర్ ముందుందా పక్కనుందా ఫోటో పెట్టండి, 1950లో మధ్యలో మార్చారు. పక్కనుంటే గ్యాప్ 0.025 అంగుళాలు, నేను పైన చెప్పిన 0.015 పెట్టొద్దు.