పరిగెత్తు పాపా, పంతం వద్దు

చిరంజీవి పాపకు పెదనాయన ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. "బావా, తిరుపతిలో ఉద్యోగమని పంపిస్తే ఇది తెల్లారకముందే రోడ్ల మీద పరిగెత్తుతోందంట. జనవరిలో 21 కిలోమీటర్లని పేరు కూడా ఇచ్చిందంట. మీరైనా కాస్త గట్టిగా చెప్పండి" అంది. గట్టిగా చెబుదామనే పెన్ను పట్టుకున్నా. కానీ ఫోన్ పెట్టేసినప్పటి నుంచి లోపల ఒకటే సంబరం. మన ఇంట్లో నా తర్వాత ఆ పిచ్చి ఇంకొకరికి పట్టిందే అని.

తేలికైనవి ముందు చెప్పేస్తా. బూట్లు సాయంత్రం పూట కొను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. వేళ్ల ముందు బొటనవేలంత జాగా ఉండాలి. ఎండాకాలంలో ఏడు కొట్టేసరికి ఇంట్లో ఉండు. చెవుల్లో పాటలు పెట్టుకోకు, వెనక లారీ వినపడదు. కుక్క వెంటపడితే పరిగెత్తకు, నిలబడిపో.

చీకట్లో కొండవైపు మాత్రం పోవద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిన్నపాపను చిరుత ఎత్తుకెళ్లింది, నీకు గుర్తుండే ఉంటుంది. అప్పటి నుంచి మీ పెద్దమ్మ కొండ పేరెత్తితే చాలు దండం పెడుతుంది. నాకూ భయమే, బయటికి చెప్పనంతే. యూనివర్సిటీ వైపైనా, జూ పార్కు రోడ్డైనా శేషాచలం అడవికి దగ్గరే కదా. వెలుతురు వచ్చాక, నలుగురు తిరిగే చోట పరిగెత్తు. ఇంటికొచ్చాక ఒక మెసేజ్ పెట్టు. అది వచ్చేదాకా నాకు కాఫీ దిగదు.

మెట్ల మీద పరిగెత్తే కుర్రాళ్లను చూసి నీకూ మనసు లాగుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఎక్కడానికి ఆయాసమే, ఒళ్లు హూనమయ్యేది దిగేటప్పుడు. తొడ కండరం సాగుతూనే బరువంతా ఆపాలి, అందుకే మర్నాడు కుర్చీలోంచి లేవలేం. పైగా అక్కడ మెట్టు మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే అమ్మలుంటారు. వాళ్ల మధ్యలో మన పరుగేంది?

ఇక అసలు సంగతి. మీ నాయన నీకు చెప్పి ఉండడు.

ఒకప్పుడు పోలీసు సెలెక్షన్ల కోసం వాడు పరిగెత్తేవాడు. సన్నటి మనిషి, ఊపిరి గట్టిది. మొదటి నెలలోనే మమ్మల్నందరినీ దాటేశాడు. అదే కొంప ముంచింది. గుండె, ఊపిరి కొన్ని వారాల్లో అలవాటు పడతాయి. ఎముక గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఆయాసం రావడం లేదు కదా అని వాడు రోజురోజుకూ దూరం పెంచుకుంటూ పోయాడు, అదీ తారురోడ్డు మీద, పలచటి కాన్వాస్ బూట్లతో. కాలి ముందు ఎముక మీద నొప్పి మొదలైంది. మొదట్లో ఒళ్లు వేడెక్కితే పోయేది. తర్వాత పరుగంతా ఉండేది. ఆ తర్వాత పడుకున్నా ఉండేది. మీ అవ్వ రాత్రి ఆముదం రాసి కట్టు కడితే, పొద్దున్నే అది విప్పి దిండు కింద దాచి పోయేవాడు.

ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. ఇంకేముంది, వాడికి కొమ్ములొచ్చాయి. ఎముకలో సన్నటి చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదని మాకప్పుడు తెలీదు. సెలెక్షన్ రోజు చివరి రౌండు మలుపులో కాలు పట్టుకుని కూలబడ్డాడు. వెనకున్నవాళ్లు వాణ్ణి తప్పించుకుని పోతుంటే నేను తాడు దాటి లోపలికి పోయి ఎత్తుకొచ్చా. ఆ ఏడాదితో వయసు దాటిపోయింది. ఆ తర్వాత పాల వ్యాపారం, మీ అమ్మ, నువ్వు. నీ పరుగు సంగతి విని ఒక్క మాటా అనకుండా క్యాన్లు కడుగుతూ కూర్చున్నాడంట. అది కోపమనుకోకు తల్లీ.

అందుకే చెబుతున్నా. కాలంతా పట్టేసినట్టుంటే అది చాలావరకు కండరం, రెండు మూడు రోజులు ఆగితే సర్దుకుంటుంది. ఎముక మీద ఒక్క వేలు పెట్టి "ఇదిగో ఇక్కడ" అని చూపించగలిగావా, ఆ రోజే పరుగు ఆపు, ఎముకల డాక్టరు దగ్గరికి పో. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి తగ్గకపోతే ఎంఆర్ఐ అవసరమా అని అడుగు. మొదట్లోనే ఆగితే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానేదే. పోటీకి కట్టిన డబ్బు పోతే నేనిస్తా.

అయినా ఆ 21 మీద అంత పంతమేంది? అది మారథాన్‌లో సగం. ఆ మారథాన్ 42.195 కిలోమీటర్లేమో 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర బయల్దేరి రాజకుటుంబం కూర్చునే చోటి ముందు ముగియాలని పెట్టుకున్న దూరం. లండన్ రాజుగారి సౌకర్యానికి నీ కాలెముక ఏం బాకీ పడింది?

ఎందుకీ పరుగని నన్నెవరైనా అడిగితే షుగర్ కోసమని చెప్పేవాణ్ణి. అలా చెబితే ఎవరూ నవ్వరు. నిజానికి తిరుపతిలో ఉన్నన్నాళ్లూ ఆ గంట కోసమే తెల్లారేది నాకు. ఆ గంటలో ఎవరూ అప్పడగరు, సంతకమడగరు. కపిలతీర్థం దాటేసరికి కొండ అంచున ఎర్రగా వెలుగొచ్చేది. ఇడ్లీబండి ఆవిరి ముక్కుకు తగిలేది. కొత్త గుండ్లతో, చందనం పూసుకుని, నిద్రమొహాలతో పిల్లలు ఎదురొచ్చేవాళ్లు. ఇంటికొచ్చి సంగటి, చెనక్కాయల చట్నీ ముందు కూర్చుంటే ఆ ఆకలి ఉంది చూడు, దానికోసమైనా పరిగెత్తొచ్చు. ఇక్కడ చిత్తూరులోనూ మానలేదు. తోతాపురి ట్రాక్టర్లు జ్యూస్ ఫ్యాక్టరీల ముందు బారులు కట్టే రోజుల్లో వాటి పక్కన మెల్లగా పోతుంటే, "ఏం తాతా, ఎవురు తరుముతాండారు?" అని డ్రైవర్ల ఎగతాళి.

నీకు వేగం తెలియాలంటే వాచీ చూడకు, గోవింద నామాలు చెప్పుకో. వరుసగా, తడబడకుండా వస్తుంటే సరిగ్గా పోతున్నట్టు. "గో" అన్నాక "విందా" కోసం గాలి వెతుక్కుంటున్నావంటే తగ్గించు. మొదటి రెండు నెలలు ఇంతకు మించి ఏమీ వద్దు.

సంక్రాంతికి రా. పొద్దున్నే కట్టమంచి చెరువు వైపు పోదాం. మీ పెద్దమ్మ అడిగితే వాకింగ్ అని చెప్పు. మీ నాయనను కూడా పిలుస్తా, వస్తాడో రాడో తెలీదు. వాడి బూట్ల సైజు తొమ్మిది. ఎందుకైనా మంచిది, ఒక జత తెచ్చెయ్.

ఇట్లు,
మీ పెదనాయన