ప్రభుత్వ పాఠశాల పిల్లలకు అంతరిక్ష విజ్ఞానం: ఖర్చు లేకుండా అందే అవకాశాలు

నమస్కారం మేడం. సిద్దిపేట జిల్లాలోని మీ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 8, 9 తరగతుల పిల్లలకు అంతరిక్ష విజ్ఞానంలో ఏ అవకాశాలున్నాయని, ఉపాధ్యాయులు కూడా నేర్చుకునే వీలుందా అని, ఒక ట్రావెల్ సంస్థ చెబుతున్న ‘నాసా యాత్ర’కు తల్లిదండ్రులను ఒప్పించడం సబబేనా అని మీరు అడిగారు. నేను కడప జిల్లాలో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. మా పిల్లలతో చేసి చూసినవాటి గురించే ఎక్కువగా రాస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పిల్లలు స్వయంగా కొలిచే, వెతికే, లెక్కగట్టే పని ఎందులో ఉందో దానినే ముందు ఎంచుకోండి. చూసి వచ్చేవి, సర్టిఫికెట్లు ఇచ్చేవి ఆ తర్వాత.

మీ పిల్లల వయసుకు సరిగ్గా సరిపోయేది ఇస్రో 2019లో ప్రారంభించిన ‘యువిక’ (యువ విజ్ఞాని) కార్యక్రమం. తొమ్మిదో తరగతి పిల్లలను దేశమంతటి నుంచి ఎంపిక చేసి, వేసవి సెలవుల్లో రెండు వారాల పాటు శ్రీహరికోట, తిరువనంతపురం, బెంగళూరు, హైదరాబాద్ వంటి చోట్ల ఉన్న ఇస్రో కేంద్రాల్లో ఉంచి, శాస్త్రవేత్తల చేత పాఠాలు చెప్పించి, ప్రయోగశాలలు చూపిస్తారు. వసతి, భోజనం, రైలు ఛార్జీలు ఇస్రోవే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకు సగం వెయిటేజీ ఉంటుంది. మిగిలిన సగంలో ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్, ఒలింపియాడ్, క్రీడలు, స్కౌట్స్, ఎన్‌సీసీ వంటివి లెక్కకు వస్తాయి. ఆ సగంలోనే, గ్రామ పంచాయతీ పరిధిలోని బడిలో చదివే పిల్లలకు 15 శాతం వెయిటేజీ ఇస్తున్నారు. మన బడులకు ఇది చిన్న విషయం కాదు. అయితే నోటిఫికేషన్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది, గడువు తక్కువగా ఉంటుంది. ఆ హడావిడిలో సైన్స్ ఫెయిర్ సర్టిఫికెట్ల కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదంటే, పిల్లలు ఎనిమిదో తరగతిలో ఉండగానే వాళ్లను మండల, జిల్లా స్థాయి ప్రదర్శనలకు పంపి, ఆ కాగితాలను హెచ్‌ఎం గారి దగ్గర ఒక ఫైలులో భద్రపరచాలి. నిబంధనలు ఏటా కొద్దికొద్దిగా మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటనను పూర్తిగా చదవండి.

యువికకు ఒక బడి నుంచి ఒకరు వెళ్లడమే గొప్ప. తరగతి మొత్తానికి ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. దానికి నేను అందరికన్నా ముందు చెప్పేది కర్ర నీడ ప్రయోగం. హైదరాబాద్, కడప దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. ఉత్తర దక్షిణాలుగా వాటి మధ్య దూరం సుమారు 325 కిలోమీటర్లు, అక్షాంశంలో తేడా 2.9 డిగ్రీలు. హైదరాబాద్ శివారులో పనిచేసే నా సహాధ్యాయి, నేను కలిసి పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే సెప్టెంబరు విషువత్తు రోజున రెండు బడుల్లోనూ ఒక మీటరు కర్ర నిలబెట్టించి, మధ్యాహ్నం పన్నెండుకు అటూ ఇటూ కొన్ని నిమిషాలకొకసారి నీడను కొలిపించి, వాటిలో అన్నిటికన్నా పొట్టి నీడను తీసుకుంటాము. ఆ రోజు మా దగ్గర ఆ నీడ దాదాపు 26 సెంటీమీటర్లు ఉంటే హైదరాబాద్‌లో 31 దాకా ఉంటుంది. ఆ నీడల నుంచి రెండు చోట్లా సూర్యకిరణాల కోణాలు రాబట్టి, దూరాన్ని 360తో గుణించి, కోణాల తేడాతో భాగిస్తే భూమి చుట్టుకొలత వస్తుంది. సుమారు రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట గ్రీకు పండితుడు ఎరటోస్థెనీస్ అనుసరించిన పద్ధతి ఇదే.

ఇందులో పిల్లలు నిజంగా నేర్చుకునేది సూత్రం కాదు, కొలత. ఒక చోట నీడ అర సెంటీమీటరు తప్పితే చాలు, చుట్టుకొలత పదో వంతు మారిపోతుంది. సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున కనిపిస్తాడు కాబట్టి నీడ అంచు మసకగా ఉంటుంది, ఎక్కడ గీత గీయాలన్న దగ్గరే వాదన మొదలవుతుంది. అందుకే మేము కర్ర పైకొనకు చిన్న రంధ్రం చేసిన అట్టముక్కను అడ్డంగా అతికిస్తాము. అప్పుడు ఆ నీడ మధ్యలో గుండ్రటి వెలుగుచుక్క పడుతుంది, దాని నడిమి బిందువును గుర్తించడం చాలా తేలిక. ఆ రంధ్రం నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, అది నేలను తాకిన చోటి నుంచి కొలవాలి. ఎత్తును కూడా రంధ్రం దగ్గరి నుంచే తీసుకోవాలి. రెండు బడుల మధ్య దూరానికి బస్సు కిలోమీటర్లు పనికిరావు. ఇస్రో వారి ‘భువన్’ ఆన్‌లైన్ పటంలో దూరం కొలిచే సాధనంతో పిల్లల చేతనే తీయించండి. అదే పటంలో మీ ఊరి చెరువును కూడా వెతికించండి, సోషల్ మాస్టారికి కూడా ఆ తరగతి ఉపయోగపడుతుంది.

రెండోది గ్రహశకలాల, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే చిన్న రాతి ముక్కల, అన్వేషణ. అమెరికాలోని హార్డిన్-సిమ్మన్స్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే అంతర్జాతీయ ఖగోళ అన్వేషణ సహకార సంస్థ, అంటే ఐఏఎస్‌సీ, హవాయిలోని పాన్-స్టార్స్ దూరదర్శిని తీసిన చిత్రాలను ప్రపంచంలోని విద్యార్థి బృందాలకు ఉచితంగా పంపుతుంది. ఆకాశంలోని ఒకే భాగాన్ని కొన్ని నిమిషాల తేడాతో తీసిన నాలుగు చిత్రాలు ఒక జట్టుగా వస్తాయి. ‘ఆస్ట్రోమెట్రికా’ అనే సాఫ్ట్‌వేర్‌లో వాటిని వెంటవెంటనే మార్చి చూస్తే నక్షత్రాలు కదలవు, గ్రహశకలం మాత్రం సమానమైన అడుగులతో సరళరేఖలో జరుగుతుంది. మా ల్యాబ్‌లోని పాత విండోస్ కంప్యూటర్ మీద కూడా ఇది బాగానే నడుస్తుంది. మొదట్లో పిల్లలకు ప్రతి చుక్కా గ్రహశకలంలాగే కనిపిస్తుంది. నాలుగింటిలో మూడు చిత్రాల్లోనే ఉన్నది, అడుగుల దూరం సమానంగా లేనిది, కెమెరా లోపం వల్ల వచ్చినది ఇలా ఒక్కొక్కటి కొట్టివేయడం మెల్లగా అలవాటవుతుంది. ‘ఇది కాదు సార్’ అని ఎనిమిదో తరగతి అమ్మాయి కారణంతో సహా చెప్పడాన్ని నేను ఏ బహుమతికన్నా ఎక్కువగా చూస్తాను. ఒక జాగ్రత్త: బృందం పంపిన నివేదిక ప్రాథమికమైనది మాత్రమే. కక్ష్య నిర్ధారణ కావడానికి ఏళ్లు పడుతుంది, ఆ తర్వాతే దానికి సంఖ్య, పేరు. విలేకరులు వచ్చినప్పుడు ఈ మాట పిల్లల ముందే స్పష్టంగా చెప్పండి.

శ్రీహరికోటలో ప్రయోగాలు చూసేందుకు 2019 నుంచి ప్రజలకు గ్యాలరీ ఉంది. ప్రయోగానికి కొన్ని రోజుల ముందు అక్కడి ఇస్రో ప్రయోగ కేంద్రం (షార్) వెబ్‌సైట్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి, సూళ్లూరుపేట దాకా రైలు ఉంది. మీకు దూరం ఎక్కువ, ప్రయోగం వాయిదా పడితే పిల్లలతో మళ్లీ రావడం కష్టం, కాబట్టి దీనిని తప్పనిసరి చేసుకోవద్దు. వెళ్తే మాత్రం స్టాప్‌వాచ్‌తో వెళ్లండి. మంట కనిపించిన క్షణానికీ, ఉరుము లాంటి ధ్వని చేరిన క్షణానికీ మధ్య సెకన్లను లెక్కపెట్టి, సెకనుకు 340 మీటర్ల చొప్పున గుణిస్తే ప్రయోగవేదిక ఎంత దూరంలో ఉందో పిల్లలే చెబుతారు. మీకు దగ్గరగా ఉన్నది హైదరాబాద్‌లోని బిర్లా ప్లానెటేరియం. 1985 నుంచి నడుస్తోంది, ఒక్క రోజులో వెళ్లి రావచ్చు.

ఉపాధ్యాయుల విషయానికి వస్తే, డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ రిమోట్ సెన్సింగ్ (దూరం నుంచే భూమిని పరిశీలించడం), ఉపగ్రహ చిత్రాల వినియోగం వంటి అంశాలపై ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. చాలావాటికి రుసుము లేదు, హాజరు సరిపోతే సర్టిఫికెట్ ఇస్తారు. పాఠాలు ఇంగ్లీషులో, కాస్త వేగంగా సాగుతాయి. అయినా ఉపగ్రహ చిత్రంలో పచ్చని పొలం ఎందుకు ఎర్రగా కనిపిస్తుందో నేను సరిగ్గా అర్థం చేసుకున్నది అలాంటి కోర్సులోనే. ఆకుపచ్చని ఆకులు మన కంటికి కనిపించని పరారుణ కాంతిని బాగా పరావర్తనం చేస్తాయి, ఆ కాంతికి చిత్రంలో ఎరుపు కేటాయిస్తారు. పదో తరగతి కాంతి పాఠంలో ఇప్పుడు ఈ ఉదాహరణ తప్పక చెబుతాను.

ఇక నాసా యాత్ర. డబ్బు కట్టి వెళ్లే ఇలాంటి ప్యాకేజీల్లో సాధారణంగా చూపించేది ఫ్లోరిడాలోని కెనడీ సందర్శకుల కేంద్రం, అది టికెట్ కొన్న ఎవరికైనా తెరిచి ఉండేదే. స్తోమత ఉన్నవాళ్లు విహారయాత్రగా వెళ్లడంలో తప్పు లేదు. కానీ నాసా ఎంపిక చేసిందన్న భావన కలిగించి, కూలి చేసుకునే తల్లిదండ్రుల చేత అప్పు చేయించడం అన్యాయం. దానికి మీరు బాధ్యత తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఈ ఏడాదికి సెప్టెంబరు 22, 23 తేదీల నీడ కొలతతో మొదలుపెట్టండి. మబ్బు పట్టవచ్చు కాబట్టి రెండు రోజులూ సిద్ధంగా ఉండండి. సిద్దిపేట కూడా మా రేఖాంశానికి చాలా దగ్గర, పైగా దూరం 400 కిలోమీటర్ల దాకా ఉంటుంది కనుక కొలతలోని పొరపాటు లెక్కను తక్కువగా చెడగొడుతుంది. జతగా మరో బడి దొరకకపోతే ఇక్కడే రాయండి, మా తొమ్మిదో తరగతి పిల్లలు ఆ రోజే తమ కొలతలు పంపిస్తారు.