టైగర్ టరెట్‌లో ఆ తలుపుకి ఏదీ అడ్డం పెట్టకు

చిరంజీవి చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు టైగర్ బొమ్మ 1:35 స్కేల్‌లో మొదలుపెట్టావని, టరెట్ (పైన గన్నుతో పాటు తిరిగే గది) లోపలి సామాను కూడా ఒక్కొక్కటీ చేసి అమరుస్తానంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో నిద్ర పట్టలేదు. టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే పొద్దున్నే రాస్తున్నాను.

టరెట్ లోపల గోడల పై భాగానికి దంతపు రంగు వెయ్యి, తెల్లటి తెలుపు వద్దు. జిగురు, థిన్నర్ వాడేటప్పుడు కిటికీ తీసి ఉంచు. గది తలుపు కూడా.

నేను మన సైన్యం విజయంత ట్యాంకులో 11 ఏళ్లు లోడర్‌గా, అంటే గన్నులో షెల్లు పెట్టేవాడిగా చేశాను. అది బ్రిటిష్ డిజైన్. లోడర్ గన్నుకి ఎడమ పక్కన ఉంటాడు, గన్నర్, కమాండర్ కుడి పక్కన. రిటైరయ్యాక మొదటి టైగర్ చేసినప్పుడు ఫొటోలు చూడనే లేదు, నా చేతులకే తెలుసనుకున్నాను. లోడర్ సామానంతా ఎడమ గోడకి అతికించేశాను. జర్మన్లది తిరగేసి ఉంటుంది నాయనా. గన్నర్, అతని వెనక కమాండర్ ఎడమ పక్కన. లోడర్ కుడి పక్కన. గన్నుతో పాటు ఉండే ఎంజీ 34 మెషిన్‌గన్ కూడా కుడివైపే, దానికి బెల్టు అందించేది లోడరే. 150 తూటాల బెల్టు సంచులు అతని చేతికి అందాలి.

అక్కడితో ఆగానా? కుడి గోడ బోసిగా ఉందని షెల్లు పెట్టే అర ఒకటి కల్పించి పెట్టాను. టైగర్‌లో 92 షెల్లూ కింద హల్‌లోనే, అంటే ట్యాంకు ఒంట్లోనే ఉంటాయి, టరెట్‌లో ఒక్కటీ ఉండదు. పైగా ఆ అర వెనక కుడి మూలలో బయటపడే గుండ్రటి తలుపుకి అడ్డం పడింది. అప్పుడు నీకు ఆరేళ్లు. నా ఒళ్లో కూర్చుని లోపలికి తొంగిచూసి, లోడర్ బొమ్మ మీద వేలు పెట్టి "తాతయ్యా, ఈ మామయ్య ఎలా బయటికొస్తాడు?" అన్నావు. ఆ రాత్రే మొత్తం ఊడదీశాను.

ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు. ఒకసారి ఫైరింగ్ రేంజిలో టరెట్ నిండా పొగ కమ్మింది. హాచ్ (పైకప్పు తలుపు) కింద నేనే తగిలించుకున్న సంచి పట్టీ మెడకి చుట్టుకుంది. కమాండర్ సాబ్ కాలరు పట్టి పైకి లాగారు. ఆ చెయ్యి ఇప్పటికీ మెడ మీద తెలుస్తుంది. టైగర్ తర్వాత జర్మన్లు తెచ్చిన కింగ్ టైగర్ ట్యాంకు టరెట్ వెనక 22 షెల్లు పెట్టే చోటు ఉండేది. మంటకి భయపడి కొందరు సిబ్బంది దాన్ని ఖాళీగానే ఉంచేవారు. వాళ్లని పిరికివాళ్లని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

గ్యాస్ మాస్కు డబ్బాలు, నీళ్ల సీసాలు, బయటికి చూసే గాజు దిమ్మల స్పేర్ పెట్టె, ఇవన్నీ పెట్టు. కానీ గన్ వెనక్కి తన్నే దారి, షెల్ తిప్పే జాగా వదిలెయ్యి. ముందు నీ కిట్ ఏ కాలం టైగరో చూసుకో. మొదట్లో వచ్చినవాటికి ఆ మూలలో తలుపు లేదు, పిస్టల్ పేల్చే రంధ్రమే. 1943 ఏప్రిల్‌లో ట్యునీసియాలో బ్రిటిష్ వాళ్లకి చిక్కిన టైగర్ 131 ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఉంది, దానికి తలుపుంది. ఆ ఫొటోలు ఎదురుగా పెట్టుకో. నాలాగా గుర్తు మీద చెయ్యకు.

దసరాకి వస్తున్నావుగా. టరెట్ పైకప్పు అతికించకుండా పట్టుకురా. ఆ తలుపు నా చేత్తో తెరిచి చూస్తాను.

మీ తాతయ్య