చిట్టికి పెదనాన్న రాసేది

బ్రాడీపేట, గుంటూరు

చిట్టీ,

మందులు మెదడును ఎలా మారుస్తాయో స్కానింగుల్లో చూసే చదువుకి బెంగళూరు వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. మీ పెద్దమ్మకి మూడుసార్లు చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

వేళకి తిను, ప్రతి నోట్సుకీ తేదీ వెయ్యి. అవి నీకు తెలిసినవే.

నేను ముప్ఫై ఏళ్లు ఈఈజీ తీశాను, అంటే తలకి తీగలు అంటించి మెదడు విద్యుత్తును కాగితం మీద గీతలుగా తీసే పరీక్ష. కొత్తలో, పరీక్షల రోజుల్లో, కళ్లు తిరిగి పడ్డాడని ఒక ఇంటర్ కుర్రాణ్ణి తెచ్చారు. కణతల దగ్గర గీతలు దట్టంగా కొట్టుకుంటున్నాయి. నేను కాగితం చూశానే గానీ వాడి ముఖం చూడలేదు. బయట ఇంకా నలుగురున్నారన్న తొందరలో ‘రోగి ప్రశాంతంగా ఉన్నాడు’ అని రాసేశాను. డాక్టరుగారు నా రాత నమ్మారు. వాడు కొన్ని నెలలు మూర్ఛ మాత్రలు మింగాడు. తీరా చూస్తే అవి మెదడు గీతలు కావు, దవడ కండరానివి! నిద్ర రాకుండా ఏవో బిళ్లలు వేసుకుని, పళ్లు బిగబట్టి పడుకున్నాడు. ఆ రకం మందులకి దవడ బిగుసుకుంటుంది. ఏం వేసుకున్నావు, ఎప్పుడు నిద్రపోయావు అని నేను అడగలేదు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నీ స్కానరు కూడా అలాగే మోసం చేస్తుంది. తల కాస్త కదిలితే చాలు, మెదడులో దూరపు భాగాల మధ్య సంబంధం తగ్గినట్టు, దగ్గరి వాటి మధ్య పెరిగినట్టు కనబడుతుందని 2012లోనే చూపించారు. మందు తీసుకున్న మనిషి కుదురుగా పడుకుంటాడా చెప్పు?

అందుకే 2024లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన పని నాకు నచ్చింది. ఏడుగురికి కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే, భ్రమలు కలిగించే సైలోసైబిన్ ఒకసారి, ఉత్తేజపరిచే మందు మిథైల్‌ఫెనిడేట్ ఒకసారి ఇచ్చి, ముందూ వెనకా పదేపదే స్కాన్ చేశారు. గుండె దడ, ఉద్రేకం రెండో మందుకీ వస్తాయి కాబట్టి పోలిక నిలబడింది. సైలోసైబిన్ మెదడు సంబంధాల్లో తెచ్చిన మార్పు రెండో మందు తెచ్చినదానికి మూడు రెట్లకు పైనే. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసే డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్‌లో అన్నిటికంటే ఎక్కువ. జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంతో దాని సంబంధమైతే వారాల తరబడి తగ్గే ఉంది. వారాలు, చిట్టీ! స్కానరులోంచి లేచి ఇంటికెళ్లిన మనిషిని మర్చిపోకు.

పరీక్షలకి తెల్లవార్లూ కూర్చునేదానివి. అక్కడ కూర్చున్నావో, వచ్చి తిడతాను. ఎవరో ఇచ్చిన బిళ్ల అసలే వద్దు తల్లీ. ఆ కుర్రాణ్ణి అడగని రెండు ప్రశ్నలూ రోజూ రాత్రి పదింటికి ఫోన్ చేసి నిన్ను అడుగుతాను. విసుక్కోకుండా చెప్పు.

మీ పెదనాన్న