బడి విసుగంతా మా పాప మీద తీరుస్తున్నాను

ప్రశ్న: మెగా డీఎస్సీ టీచర్ల నియామకంలో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా ఎంపికై, కోనసీమలో ఒక లంక బడిలో చేరాను. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. యాప్‌లు, ఫొటోలు, భోజనం లెక్కలతోనే పొద్దు గడిచిపోతోంది. నాలుగో తరగతి బాబు ఒకడికి గుణింతాలే రావు. వాడి తల్లి కువైట్‌లో ఉంది. మొన్న విసుగొచ్చి ఒక్కటి వేశాను. వాళ్ల అమ్మమ్మ వచ్చి "ఇంకో రెండు తగిలించండి మేడమ్" అంది. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. ఇంటికొచ్చి రెండో తరగతి చదివే మా పాప మీద అరుస్తున్నాను. మావారేమో రాజీనామా చేసెయ్ అంటున్నారు.

జవాబు: రాజీనామా ఊసు ఇప్పుడొద్దమ్మా. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ ఉద్యోగాలిచ్చింది 2025లోనే. వదిలేస్తే మళ్లీ ఎప్పటికో! అయినా మీ ఉత్తరంలో పిల్లల మీద ఒక్క ఫిర్యాదు లేదు. మీకు విసుగు తెప్పిస్తున్నది చదువు చెప్పడం కాదు.

దెబ్బ సంగతి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, అమ్మమ్మ ఒప్పుకున్నా సరే. ఆవిడది కోపం కాదు, కూతురికి ఫోన్లో ఏం జవాబు చెప్పాలోనన్న భయం. బాబును పక్కకు పిలిచి "కొట్టడం నా తప్పురా" అనండి. చాక్లెట్ ఇచ్చి సరిపెట్టకండి.

రేపటి నుంచి పొద్దున్నే మొదటి గంట ఫోన్ బీరువాలో పెట్టేయండి. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో చదవడం రానివాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టండి. తరగతిని బట్టి కాక వచ్చినదాన్ని బట్టి పిల్లల్ని కూర్చోబెట్టే ఈ పద్ధతిని ప్రథమ్ సంస్థ చాలా రాష్ట్రాల్లో నడిపింది. మీ బాబు ఆ గుంపులో ఒంటరివాడు కాడని చూస్తారు. పడవ, వల, అల లాంటి మాటలతో మొదలుపెట్టండి. తర్వాత రేవు, గేదె. కొబ్బరి, పంటు ఆ తర్వాతే. వాడు ఒక వాక్యం చదివిన రోజు అమ్మమ్మ ఫోన్లో రికార్డు చేయించి కువైట్‌కు పంపించండి. పని తెమిలాక వింటుంది ఆ తల్లి. టీచరు ఉద్యోగంలో ఇలాంటి సంతోషం ఏ జీతం బిల్లులోనూ కనపడదు.

యాప్‌ల గురించి మండల విద్యాధికారి (ఎంఈఓ) గారితో తగువుకు దిగి లాభం లేదు. ఆ పని ఒక వారం మీరు, ఒక వారం మీ తోటి టీచరు అనుకోండి. మధ్యాహ్న భోజనానికి, ఆకలన్నవాళ్లందరికీ అన్నం పెట్టిన మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పెట్టిన ప్రతి అన్నానికీ ఫొటో తీసి పంపాల్సిన బాధ ఆవిడకు లేదు పాపం!

ఇక ఇల్లు. పగలంతా గుణింతాలు చెప్పి, సాయంత్రం మళ్లీ పాప పుస్తకం పట్టుకుంటే ఎవరికైనా గొంతు లేస్తుంది. హోంవర్క్ మీవారికి అప్పగించండి. రాజీనామా సలహా ఇచ్చినంత తేలిక కాదు గానీ, చేయగలరు. రాగానే అరగంట ఎవరూ పలకరించొద్దని చెప్పి టీ తాగండి. ఆ తర్వాత పాప దగ్గర కూర్చోండి, చదువు మాట ఎత్తకుండా. వీలైతే ఒక శనివారం మీవారిని పడవెక్కించి బడికి తీసుకెళ్లండి. ఇప్పటిదాకా ఆయన చూసింది మీ నీరసాన్నే.

ఇన్ని చేసినా రెండు మూడు వారాల్లో నిద్ర కుదుటపడకపోతే మనసు బాధలకు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.